ఆమె పేరు మీద ఒక షెడ్యూల్ సి

అమెరికాలోని తెలుగు సంఘాలైన తానా, ఆటా, నాట్స్, నాటా అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు.

మన మహాసభల్లో సాధారణంగా బిజినెస్ ఫోరం ఉంటుంది, ఇమ్మిగ్రేషన్ సదస్సు ఉంటుంది, మహిళా ఫోరం ఉంటుంది. ఈ మూడు గదుల్లో దేనికీ పూర్తిగా చెందక బయట వసారాలో ఉండిపోయిన విషయం ఒకటి మీ ముందు పెట్టాలని ఈ లేఖ. అమెరికాలో వృద్ధుల పెన్షన్లకు డబ్బు చాలడం లేదు. అదే అమెరికాలో మన ఇళ్లలో వాట్సాప్ గ్రూపుల్లో చీరలు అమ్మేవాళ్లు, జూమ్‌లో కూచిపూడి, సంగీతం, లెక్కలు నేర్పేవాళ్లు, పచ్చళ్లు, పొడులు, రిటర్న్ గిఫ్టులు ఆర్డర్ల మీద పంపేవాళ్లు వేలల్లో ఉన్నారు. వారిలో ఎక్కువమంది స్త్రీలు. ఈ రెంటికీ సంబంధం ఏమిటని మీకు అనిపించవచ్చు. స్వయం ఉపాధి లాభనష్టాలు చూపే షెడ్యూల్ సి, దాని వెంట జతచేసే షెడ్యూల్ ఎస్‌ఈ అనే కాగితాల మీద ఈ రెండూ కలుస్తాయి. ఆ కాగితం ఆమె పేరు మీదే దాఖలయ్యేలా చూడండి, చట్టం ఆమెను అసలు దాఖలు చేయనివ్వని చోట ఆ చట్టం మార్చమని వాషింగ్టన్‌లో అడగండి, అలా అడిగేటప్పుడు జాలి మాటలు పక్కనపెట్టి పెన్షన్ నిధి లెక్కలతో అడగండి అన్నదే నా విన్నపం.

ముందు ఆ నిధి సంగతి. 1935 ఆగస్టు 14న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకంతో మొదలైన సోషల్ సెక్యూరిటీని మనవాళ్లలో చాలామంది ప్రావిడెంట్ ఫండ్ లాంటి పొదుపు ఖాతా అనుకుంటారు. కాదు. ఈ నెల పనిచేసేవారి జీతంలో కోసిన పన్ను దాదాపు అంతా ఈ నెల పెన్షన్లుగా వెళ్లిపోతుంది. మిగులు ఉన్న ఏళ్లలో మిగిలినది ప్రభుత్వ బాండ్లలో ట్రస్ట్ ఫండ్‌గా పేరుకుంది. 1940 జనవరి 31న మొదటి నెలవారీ చెక్కు అందుకున్న వెర్మాంట్ మహిళ ఐడా మే ఫుల్లర్ అప్పటికి కట్టిన పన్ను మొత్తం 24 డాలర్ల 75 సెంట్లు. ఆమె నూరేళ్లు బతికి 22,888 డాలర్లకు పైగా అందుకున్నారు. అప్పట్లో కట్టేవాళ్లు ఎక్కువ, తీసుకునేవాళ్లు తక్కువ కాబట్టి చెల్లింది. 1960 నాటికి ఒక్కో లబ్ధిదారుకు ఐదుగురు పనిచేసేవాళ్లు ఉండేవారు. ఇప్పుడు ఆ సంఖ్య 2.7. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, 1946-64 మధ్య పుట్టిన తరం మొత్తం 2030 నాటికి 65 దాటేస్తుంది. ఒక్కో స్త్రీకి సగటు కాన్పులు 1.6 దగ్గరికి దిగాయి. 2025 జూన్‌లో వచ్చిన ట్రస్టీల నివేదిక ప్రకారం వృద్ధుల, వారసుల పెన్షన్ నిధి 2033లో ఖాళీ అవుతుంది. ఆ తర్వాత ఏటా వచ్చే పన్నుతో 77 శాతం మాత్రమే చెల్లించగలరు. ఆ నివేదిక సిరా ఆరకముందే జులైలో వచ్చిన కొత్త పన్ను చట్టం 65 దాటినవారికి 6,000 డాలర్ల అదనపు మినహాయింపు ఇచ్చింది. పెన్షన్ల మీద ఆదాయపు పన్నులో ఒక భాగం తిరిగి ఇదే నిధికి చేరుతుంది కాబట్టి, పెద్దలకు ఇచ్చిన ఆ తాయిలం పెద్దల నిధికే చిల్లు పెట్టింది. ఎన్నికల రాజకీయం ఎక్కడైనా ఒకటే.

ఈ లోటు పూడ్చడానికి పన్ను పెంచాలి, పెన్షన్ తగ్గించాలి, లేదా కట్టేవాళ్ల సంఖ్య పెంచాలి. మొదటి రెండూ 1983లో చేశారు. 1960లో, ఆ తర్వాత పుట్టినవారికి పూర్తి పెన్షన్ వయసు 67 అయింది అప్పటి చట్టంతోనే. స్వయం ఉపాధివారు ఉద్యోగి వాటా, యజమాని వాటా రెండూ తామే కట్టాలన్నదీ అప్పుడే. మళ్లీ అలాంటి బేరం కుదరాలంటే రెండు పార్టీలూ ఒక బల్ల ముందు కూర్చోవాలి, ఆ సూచనలు ఇప్పుడు కనబడటం లేదు. మూడోది మిగిలింది. వచ్చే దశాబ్దం తొలి ఏళ్లలో అమెరికాలో జననాల కన్నా మరణాలు ఎక్కువవుతాయని కాంగ్రెషనల్ బడ్జెట్ కార్యాలయం అంచనా. అంటే ఆపైన పనిచేసే చేతులు పెరగాలంటే వలస ద్వారానే పెరగాలి. కొత్తగా ఎవరినీ తీసుకురాకుండానే, ఇప్పటికే ఈ దేశంలో చట్టబద్ధంగా ఉంటూ, చదువుకుని, పనిచేసే వయసులో ఉండి, పనిచేయడం నిషిద్ధమైనవాళ్లు ఎవరున్నారని వెతికితే హెచ్-1బి ఉద్యోగులకు తోడుగా హెచ్-4 వీసా మీద ఉన్న భార్యలకన్నా, కొద్దిమంది భర్తలకన్నా దగ్గరలో ఎవరూ కనిపించరు.

2015 మే 26 నుంచి హెచ్-4 వారిలో కొందరికి పని అనుమతి పత్రం, అంటే ఈఏడీ, ఇస్తున్నారు. భర్త గ్రీన్ కార్డు కోసం సంస్థ వేసిన ఐ-140 దరఖాస్తు ఆమోదం పొంది ఉండాలి, లేదా హెచ్-1బి ఆరేళ్ల గడువు దాటి పొడిగింపులో ఉండాలి. తొలి ఏళ్ల లెక్కల్లో ఈ అనుమతి పొందినవారిలో 90 శాతానికి పైగా భారతీయులే, 90 శాతానికి పైగా స్త్రీలే. అందులో తెలుగువారి వాటా ఎంతో ప్రభుత్వం విడిగా చెప్పదు. కానీ 2010-2017 మధ్య ఈ దేశంలో మాట్లాడేవారి సంఖ్య అన్నిటికన్నా వేగంగా, 86 శాతం, పెరిగిన ప్రధాన విదేశీ భాష తెలుగు అని జనగణన సమాచారం మీద చేసిన విశ్లేషణ చెప్పింది. ఆ పెరుగుదల ఏ వీసా మీద వచ్చిందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఈ నిబంధన మీద సేవ్ జాబ్స్ యూఎస్ఏ అనే సంస్థ దాదాపు పదేళ్లు కోర్టుల్లో పోరాడింది. 2024 ఆగస్టులో వాషింగ్టన్ అప్పీలు కోర్టు నిబంధనను నిలబెట్టింది, 2025 అక్టోబరులో సుప్రీం కోర్టు కేసు చేపట్టడానికి నిరాకరించింది. గెలిచామని ఊపిరి పీల్చుకునేలోపే, అదే నెల 30 నుంచి పాత ఈఏడీ గడువు తీరినా కొత్తది వచ్చేదాకా పనిచేసుకోనిచ్చే ఆటోమేటిక్ పొడిగింపు రద్దయింది. రెన్యూవల్ ఆలస్యమైతే ఆ రోజుతో పని ఆపాలి. ఉద్యోగానికైతే సెలవు అడగవచ్చేమో, ఆర్డర్లు తీసుకున్న చిన్న వ్యాపారానికి ఇది తాళం వేయడమే.

ఆ ఈఏడీ చేతిలో ఉన్నంతకాలం ఆమె ఉద్యోగమూ చేయవచ్చు, సొంత వ్యాపారమూ పెట్టుకోవచ్చు. అది లేని హెచ్-4 స్త్రీ వ్యాపారంలో పెట్టుబడి పెట్టవచ్చు గాని దాన్ని నడిపే పని చేయకూడదు. పోనీ భర్త పేరు మీద నడుపుదామంటే హెచ్-1బి భర్త తనకు వీసా ఇప్పించిన సంస్థకు తప్ప వేరే పని చేయకూడదు. అంటే ఆ ఇంట్లో ఎవరి పేరూ పనికిరాదు. అందుకే కొన్నిచోట్ల డబ్బు ఇండియాలో అన్నయ్య ఖాతాకు, అమ్మ ఖాతాకు వెళుతుంది. పన్నుల దృష్టిలో అమెరికా నివాసి అయినవారికి ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయమైనా ఇక్కడ చూపాల్సిందే కాబట్టి అది దాపరికం కిందే లెక్క. గ్రీన్ కార్డు, పౌరసత్వం ఉన్న ఇళ్లలో చట్టం అడ్డు లేదు, అలవాటు అడ్డు. జెల్ యాప్ ద్వారా వచ్చే డబ్బుకు, రాబడిని పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కు తెలిపే 1099-కె కాగితం రాదు. పేపాల్, ఎట్సీ లాంటి చోట్ల కూడా ఏడాదికి 20,000 డాలర్లు, 200 అమ్మకాలు రెండూ దాటితేనే ఆ కాగితం తప్పనిసరి అన్న పాత హద్దును 2025 చట్టం తిరిగి తెచ్చింది. కాగితం రానంత మాత్రాన పన్ను లేనట్టు కాదు. ఖర్చులు పోను 400 డాలర్లకు కాస్త పైన లాభం మిగిలితే స్వయం ఉపాధి పన్ను కట్టాలి. జీతాల విషయంలో తప్పుడు లెక్క నూటికి ఒకటి, మూడో మనిషి నుంచి కాగితం రాని ఆదాయాల్లో సగానికి పైగా అని ఐఆర్‌ఎస్ అంచనా. మనవాళ్లు అందులో ప్రత్యేకం ఏమీ కాదు, అమెరికన్ చిన్న వ్యాపారుల పాత అలవాటే అది.

ఇక ఇంటి లెక్క. మీ సంఘాల్లో అకౌంటెంట్లు చాలామంది ఉన్నారు, సరిచూడమనండి. ఏడాదికి ఖర్చులు పోను 12,000 డాలర్లు మిగిలే ఆన్‌లైన్ వ్యాపారం అనుకుందాం. అందులో 92.35 శాతం మీద 15.3 శాతం, అంటే దాదాపు 1,700 డాలర్లు పన్ను. దీనికి పెన్షన్ అర్హతను కొలిచే క్రెడిట్లు ఏడాదికి నాలుగు వస్తాయి. 2026లో ఒక క్రెడిట్‌కు 1,890 డాలర్ల ఆదాయం చాలు కాబట్టి 8,200 డాలర్ల లాభం ఉన్నా నాలుగూ వస్తాయి. అలా పదేళ్లు చేస్తే 40 క్రెడిట్లు, పెన్షన్‌కు అర్హత. పెన్షన్ సూత్రం 35 ఏళ్ల నెలసరి సగటు తీసి, ఆ సగటులో 2026 లెక్కన మొదటి 1,286 డాలర్ల దాకా 90 శాతం ఇస్తుంది, ఆపై భాగానికి 32 శాతం, ఇంకా పైభాగానికి 15 శాతం. చిన్న ఆదాయంవారికి ఇంత అనుకూలమైన పెన్షన్ పథకం బజారులో దొరకదు. మన ఉదాహరణలో పదేళ్ల వ్యాపారానికి, ఈనాటి డాలర్లలో, నెలకు సుమారు 237 డాలర్లు వస్తాయి. కట్టిన 17,000 ఆరేళ్ల పెన్షన్‌లో తిరిగి వస్తుంది. ఇక్కడిదాకా బాగుంది. కానీ పదునైన పాఠకుడు ఇక్కడే నన్ను పట్టుకుంటాడు. భర్త పెన్షన్ 3,000 డాలర్లు అయితే భార్యగా ఆమెకు ఎలాగూ 1,500 దాకా వస్తుంది, ఒక్క డాలరు కట్టకపోయినా. సొంత 237 అందులో కలిసిపోతుందే తప్ప దాని మీద అదనంగా రాదు. అలాంటప్పుడు ఏటా 1,700 ఎందుకు కట్టాలి? పైగా 2026లో భర్త జీతం 184,500 డాలర్లు దాటితే ఆపైన సోషల్ సెక్యూరిటీ పన్నే లేదు, వ్యాపారం అతని పేరు మీద చూపిస్తే వృద్ధుల ఆరోగ్య బీమా మెడికేర్‌కు వెళ్లే భాగంతో సరిపోతుంది. వ్యాపారం ఎవరు నడిపితే వారి పేరునే చూపాలని నిబంధన చెబుతున్నా, ఆ 12.4 శాతం ఆదా కోసం అతని పేరు రాసే ఇళ్లు ఉన్నాయంటే ఆశ్చర్యం లేదు.

ఈ అభ్యంతరం నిజం. దీన్ని దాటవేసే ఉద్దేశం నాకు లేదు, ఎందుకంటే మీ చేతిలో ఉన్న అతి బలమైన వాదన దీని లోపలే ఉంది. 1939లో భార్యకు సగం పెన్షన్ అనే నియమం పెట్టినప్పుడు ఊహించిన ఇల్లు వేరు: అతను ఫ్యాక్టరీకి వెళతాడు, ఆమె ఇంట్లో ఉంటుంది. ఆ నియమం వల్ల ఇంట్లో ఉన్న ఆమెకు నిధి ఎలాగూ 1,500 ఇవ్వక తప్పదు. ఆమె పనిచేసి పన్ను కడితే నిధికి వచ్చేది పెరుగుతుంది, ఇవ్వాల్సింది మాత్రం చాలా సందర్భాల్లో పెరగదు. మామూలు వలస కార్మికుడి విషయంలో వలస వ్యతిరేకులు వేసే ప్రశ్న ఒకటుంది: ఇవాళ కట్టేవాడు రేపు ముసలివాడై తీసుకోడా, లోటును వాయిదా వేయడం తప్ప ఏం సాధించినట్టు? ఆ ప్రశ్నలో పస ఉంది. వలస కాలాన్ని కొనిపెడుతుంది గాని ముసలితనాన్ని ఆపదు. కానీ ఎక్కువ జీతం తీసుకునే హెచ్-1బి ఉద్యోగి భార్య విషయంలో ఆ ప్రశ్న చెల్లదు. ఆమె భవిష్యత్తు పెన్షన్ ఖర్చు ఇప్పటికే పద్దులో ఉంది, రాబడి మాత్రమే లేదు. ఇంటి లెక్కలో నష్టంగా తోచేదే నిధి లెక్కలో నికర లాభం. హెచ్-4 గురించి ఇన్నాళ్లూ మనం చెప్పుకొచ్చిన చదువుకున్న స్త్రీ వంటింట్లో మగ్గిపోతోందన్న మాట నిజమే అయినా, కాంగ్రెస్ సబ్ కమిటీ బల్ల మీద దాని బరువు తక్కువ. పైసా ఖర్చు లేకుండా మీ నిధికి రాబడి, దానికి తిరిగి చెల్లించాల్సిన భారం దాదాపు లేదు అన్న మాటకు అక్కడ బరువుంటుంది.

అయితే మన ఆడవాళ్ల కష్టాన్ని అమెరికా ముసలివాళ్లకు ధారపోయమంటున్నావా అని మీలో ఎవరైనా అడగవచ్చు. అది పూర్తి చిత్రం కాదు. పెన్షన్ మొత్తం పెరగకపోయినా సొంత క్రెడిట్లు ఆమెకు కొన్ని ఇస్తాయి, అవి భర్త ద్వారా రానివి. వికలాంగ పెన్షన్ పూర్తిగా సొంత రికార్డు మీదే వస్తుంది. మామూలుగా గత పదేళ్లలో ఐదేళ్లు పనిచేసి ఉండాలి. నలభై ఏళ్ల వయసులో జబ్బుపడిన గృహిణికి భర్త రికార్డు మీద ఆ పెన్షన్ రాదు. ఆమె చనిపోతే చిన్నపిల్లలకు ఇచ్చే పెన్షన్ ఆమె రికార్డు ఉంటేనే వస్తుంది. భార్యగా రావాల్సిన సగం వాటా భర్త పెన్షన్ మొదలుపెట్టేదాకా మొదలవదు. విడాకులైతే పెళ్లి పదేళ్లు నిలిచి ఉంటేనే ఆ వాటా. తొమ్మిదో ఏట విడిపోయిన స్త్రీకి, ఎన్నేళ్లు ఆ ఇంటిని నడిపినా, సొంత రికార్డు లేకపోతే సున్నా. ఈ మాట మన మహాసభల వేదికల మీద ఎవరూ ఎత్తరు, కానీ మీ మహిళా విభాగాలకు సహాయం కోరుతూ వచ్చే ఫోన్లు ఎలాంటివో మీకు తెలుసు. మెడికేర్ మాట కూడా చూడండి. పిల్లల దగ్గరికి గ్రీన్ కార్డు మీద వచ్చిన తల్లిదండ్రులు ఇక్కడ పనిచేసి ఉండరు కాబట్టి, ఐదేళ్ల నివాసం తర్వాత మెడికేర్‌ను కొనుక్కోవాల్సిందే. 2026లో ఆసుపత్రి భాగానికి నెలకు 565 డాలర్లు, డాక్టర్ల భాగానికి 202.90. ఇద్దరికీ కలిపి నెలకు 1,500 దాటుతుంది. 40 క్రెడిట్లు ఉన్న మనిషికి అందులో ఆ 565 ఉండదు. భర్త రికార్డు అండ లేని స్త్రీకి పదేళ్ల పాటు ఏటా 8,200 డాలర్ల లాభం చూపించిన పచ్చళ్ల వ్యాపారం విలువ ఎంతో ఆ అంకె చెబుతుంది.

మరో మాట తరచుగా వింటాం: 2033కి మునిగిపోయే నిధికి ఇప్పుడు కట్టడం ఎందుకు, ఆ డబ్బేదో ఇండెక్స్ ఫండ్‌లో వేసుకుంటే పోలా? ఇండెక్స్ ఫండ్‌లో వేయొద్దని ఎవరూ అనరు. స్వయం ఉపాధి ఆదాయం చూపినవారికే సోలో 401కె, సెప్ ఐఆర్‌ఏ లాంటి రిటైర్మెంట్ ఖాతాలు తెరుచుకుంటాయి కూడా, చూపనివారికి ఆ దారీ లేదు. ఇక మునిగిపోవడం గురించి: నిధి ఖాళీ కావడమంటే పథకం ఆగిపోవడం కాదు, పన్ను వస్తూనే ఉంటుంది, 77 శాతం చెల్లుతూనే ఉంటుంది. మన ఉదాహరణలోని 237 డాలర్లు 182 అవుతాయి. అప్పుడు కట్టినది తిరిగి రావడానికి ఆరేళ్లకు బదులు దాదాపు ఎనిమిదేళ్లు పడుతుంది. ఇది శుభవార్త అని నేను అనను, అలాగని మట్టిలో పోసినట్టూ కాదు. మళ్లీ ఇండియా వెళ్లిపోతాం అనేవారికి కూడా ఒక మాట. 40 క్రెడిట్లు పూర్తయిన భారత పౌరులు హైదరాబాదులోనో గుంటూరులోనో ఉంటూ తమ పెన్షన్ అందుకోవచ్చు, అందులో నాలుగో వంతు పైచిలుకు అమెరికా పన్నుగా మినహాయించుకుంటుంది. క్రెడిట్లు 39 దగ్గర ఆగితే ఏమీ రాదు. కట్టింది నిధిలోనే ఉండిపోతుంది.

ఈ సందర్భంలోనే, ఒక దేశంలో కట్టినదాన్ని మరో దేశంలోనూ లెక్కలోకి తెచ్చే సామాజిక భద్రత ఒప్పందం గురించి కూడా ఒక మాట. 1978లో ఇటలీతో మొదలుపెట్టి దాదాపు 30 దేశాలతో అమెరికా ఇలాంటివి కుదుర్చుకుంది, ఇండియాతో లేదు. భారత ప్రభుత్వం ఏళ్ల తరబడి అడుగుతూనే ఉంది, మన సంఘాల తీర్మానాల్లోనూ అది చోటు చేసుకుంటుంది. న్యాయమైన కోరికే. కానీ లోటులో ఉన్న నిధి నుంచి బయటకు ఇమ్మని అడగడం అది, ఈ రోజుల్లో ఆ తలుపు తెరుచుకునేలా లేదు. లోపలికి ఇస్తామనే మాటతో ముందు వెళ్లండి. బేరంలో వరస ముఖ్యం.

ఇంత పెద్ద లోటుకు హెచ్-4 స్త్రీలు కట్టే పన్ను సముద్రంలో కాకిరెట్ట కాదా అంటే, అవును, అంతే. లక్ష మంది ఒక్కొక్కరు 30,000 డాలర్ల లాభం చూపించారనుకున్నా మెడికేర్ భాగంతో కలిపి ఏటా వచ్చేది దాదాపు 42 కోట్ల డాలర్లు. సోషల్ సెక్యూరిటీ ఏటా పంచేది 1.4 లక్షల కోట్ల డాలర్లకు పైమాటే. రాబోయే 75 ఏళ్ల లోటు, 2025 నివేదిక ప్రకారం, పన్ను పడే జీతాల మొత్తంలో 3.82 శాతం. మన వాళ్లతో అది పూడుతుందని చెబితే అబద్ధం అవుతుంది, కాంగ్రెస్ సిబ్బంది రెండు నిమిషాల్లో పట్టుకుంటారు. పూడుతుందని చెప్పకండి. ఖర్చు లేదని మాత్రం చెప్పండి. ఈ దేశపు ముసలితనానికి ఏ ఒక్క మందూ చాలదు, చాలా చిన్న చిన్న రాబడులు కలవాలి. వాటిలో ఎవరి జేబూ కోయకుండా వచ్చేవి తక్కువ, ఇది వాటిలో ఒకటి.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం వాతావరణం గురించి. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము విధించిన కాలం ఇది. ఇప్పుడు నోరెత్తితే ఉన్న ఈఏడీ కూడా ఊడుతుందేమోనని భయపడేవారిని నేను తప్పుపట్టను. కానీ మౌనంగా ఉన్నంత మాత్రాన ఆటోమేటిక్ పొడిగింపు నిలవలేదు. అడిగేదాన్ని కుదించుకుని అడగండి. వలస వ్యతిరేకుల ప్రధాన వాదన అమెరికన్ల ఉద్యోగాలు పోతాయన్నది, కోర్టులో సేవ్ జాబ్స్ వారిదీ అదే. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో అపార్ట్‌మెంట్ నుంచి జూమ్‌లో వీణ నేర్పే స్త్రీ ఏ అమెరికన్ కూర్చున్న కుర్చీనీ లాక్కోవడం లేదు. ఆ పనికి నోటిఫికేషన్ పడదు, ఆమె మొదలుపెట్టకపోతే ఆ పనే ఉండదు. కాబట్టి ఉద్యోగాల తగాదాను ప్రస్తుతానికి పక్కనపెట్టి, హెచ్-4 హోదాతోనే సొంత వ్యాపారం నడుపుకునే హక్కు అడగవచ్చు, ఈఏడీ కార్డు కోసం నిరీక్షణ లేకుండా, ఐ-140తో ముడి లేకుండా. ఇది వినని మాట కాదు. కంపెనీ బదిలీ మీద వచ్చినవారి భార్యలు, భర్తలు, అంటే ఎల్-2 వారు, 2021 నవంబరులో ఒక కోర్టు ఒప్పందం తర్వాత హోదాతోనే పనిచేసుకుంటున్నారు. వారికి 2002 నాటి చట్టం అండగా ఉంది, హెచ్-4కి చట్టం లేక నిబంధన మాత్రమే ఉంది, అందుకే కాంగ్రెస్ దగ్గరికి వెళ్లమంటున్నాను. ఒకే ఆఫీసులో పక్కపక్కన కూర్చునే ఇద్దరు ఇంజనీర్ల ఇళ్లలో ఒకామె వెబ్‌సైట్ తెరిచి అమ్ముకోవచ్చు, రెండో ఆమె అమ్మితే ఆమె వీసాయే ప్రమాదంలో పడుతుంది. ఈ తేడాకు కారణం చెప్పమని ఏ సెనేటర్‌ని అడిగినా తడబడతారు.

చట్టం మారేలోపు మీ చేతుల్లో ఉన్న పని కూడా తక్కువేం కాదు. చిన్న వ్యాపారానికి ఇక్కడ దాగుండే రోజులు ఎలాగూ తగ్గుతున్నాయి. 800 డాలర్ల లోపు పార్శిళ్లకు సుంకం లేదన్న వెసులుబాటు 2025 ఆగస్టు 29తో పోయింది, ఇండియా నుంచి చీరలు, నగలు తెప్పించి అమ్మేవారు ఇప్పుడు ప్రతి పెట్టెకూ లెక్క చెప్పాలి. వేరే రాష్ట్రాల కొనుగోలుదారుల దగ్గర అమ్మకపు పన్ను వసూలు చేయాల్సిన బాధ్యత 2018 నాటి సుప్రీం కోర్టు వేఫెయిర్ తీర్పుతోనే వచ్చింది, హద్దు దాటినవారికి. ఇంట్లో వండి అమ్ముకోవడానికి లైసెన్సు ఇవ్వని చివరి రాష్ట్రం న్యూజెర్సీ కూడా 2021లో ఇవ్వడం మొదలుపెట్టింది, అయితే ఏ పదార్థాలకు అన్నది చూసుకోవాలి, మాంసం పచ్చళ్లు అందులో రావు. వచ్చే మహాసభలో బిజినెస్ ఫోరానికి కోట్ల టర్నోవరు ఉన్న సీఈఓలతో పాటు ఈ నిబంధనలు చెప్పగల పన్ను నిపుణులైన ఎన్‌రోల్డ్ ఏజెంట్లను, కస్టమ్స్ బ్రోకర్లను, ఇమ్మిగ్రేషన్ లాయర్లను కూడా పిలవండి, ఉపన్యాసాలకు కాకుండా ఒక్కొక్కరితో పావుగంట కూర్చోవడానికి. అక్కడికి వచ్చిన ప్రతి స్త్రీ చేతా సోషల్ సెక్యూరిటీ వెబ్‌సైట్‌లో సొంత ఖాతా తెరిపించండి, సోషల్ సెక్యూరిటీ నంబరు ఉంటే. ఏడాది వారీగా ఆదాయాల పట్టిక ఉంటుంది అందులో. పదేళ్లు వ్యాపారం నడిపిన మనిషి తన పేరు ఎదురుగా వరసగా సున్నాలు చూశాక మీరు పెద్దగా చెప్పాల్సింది ఉండదు.

వాషింగ్టన్‌కు తీసుకెళ్లే కాగితం ఒక్క పేజీ మించకూడదు. ప్రతినిధుల సభలో వేస్ అండ్ మీన్స్ కమిటీ కింద సోషల్ సెక్యూరిటీ సబ్ కమిటీ ఉంది, వలస వ్యవహారాలు చూసే కమిటీ కన్నా ముందు అక్కడికే వెళ్లండి. భార్య వాటా నియమం వల్ల ఈ రాబడి మీద భవిష్యత్తు భారం దాదాపు ఎందుకు ఉండదో ఒక పేరా, ఎల్-2 ఉదాహరణ ఒక పేరా, సొంత వ్యాపారానికి మాత్రమే అడుగుతున్నామన్న వాక్యం ఒకటి. నాలుగు సంఘాల సంతకాలూ ఒకే కాగితం మీద ఉండాలి. మీలో మీకు ఎన్ని ఎన్నికల తగాదాలున్నా ఈ ఒక్కదానికి కలవడం అసాధ్యం కాదు. 2026 నవంబరులో ప్రతినిధుల సభ అంతా, సెనేట్‌లో మూడో వంతు ఎన్నికలకు వెళుతోంది. విరాళాల విందులకు అభ్యర్థులు మీ ఇళ్లకే వస్తారు. ఫొటోలు దిగేముందు ఆ కాగితం వారి చేతికివ్వండి, 2033లో నిధి సంగతి ఏం చేస్తారో, దానికి కట్టడానికి సిద్ధంగా ఉన్నవాళ్లను ఎందుకు కట్టనివ్వడం లేదో అడగండి. వచ్చిన జవాబును మీ పత్రికల్లో, ఇచ్చినవారి పేరుతో సహా, అచ్చువేయండి.